గేమింగ్ కోసం లాప్‌టాప్ అప్‌గ్రేడ్: ఏ పని ముందు, ఏ పని తర్వాత

"అన్నా, గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే లాప్‌టాప్ మొరాయిస్తోంది. ఏం వేయించాలి?" కాజీపేట, హనుమకొండ హాస్టళ్లలో ఉండే ఇంజనీరింగ్ పిల్లలు, గోదావరిఖనిలో మా చుట్టాల పిల్లలు, అందరూ నన్ను అడిగేది ఇదే. చాలామంది అప్పటికే ర్యామ్ కొనేసి ఉంటారు. విప్పి చూస్తే బాధ ర్యామ్‌ది కాదు, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ముది.

అందుకే ఈ పనులన్నీ ఒక వరుసలో రాస్తున్నాను. ముందు కొలవాలి, తర్వాత ఖర్చు లేని పనులు చేయాలి, ఆ తర్వాతే ఏదైనా కొనాలి. వరుస తప్పితే డబ్బు పోతుంది, గేమ్ మాత్రం అలాగే ఆగి ఆగి నడుస్తుంది.

1. ఏది మార్చగలం, ఏది మార్చలేం

ఇప్పుడు వచ్చే దాదాపు అన్ని లాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి. డెస్క్‌టాప్‌లో లాగా కార్డు పీకి వేరేది పెట్టడం కుదరదు. బయట పెట్టుకునే గ్రాఫిక్స్ డాక్‌లు ఉన్నాయి గానీ, వాటికి లాప్‌టాప్‌లో థండర్‌బోల్ట్ లాంటి పోర్టు ఉండాలి. డాక్, కార్డు, పవర్ సప్లై అన్నీ కలిపి లెక్కేస్తే ఆ డబ్బు డెస్క్‌టాప్ మీద పెట్టడమే మేలు.

మార్చగలిగేవి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగమైన డిస్క్), థర్మల్ పేస్ట్ (చిప్ వేడి బయటికి పోవడానికి దాని మీద పూసేది), ఫ్యాన్, బ్యాటరీ, వైఫై కార్డు. ర్యామ్ కూడా అన్ని మోడళ్లలో మారదు. టాస్క్ మేనేజర్ తెరిచి (కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి) పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద క్లిక్ చేయండి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్నట్టు. "ఎస్ఓ-డిమ్" అని ఉంటే స్లాట్ ఉన్నట్టు. కొన్నింటిలో సగం బోర్డు మీద, సగం స్లాట్‌లో ఉంటుంది. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో సర్వీస్ మాన్యువల్ వెతికి డౌన్‌లోడ్ చేసుకోండి. స్లాట్లు ఎన్ని, గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుంది, స్క్రూలు ఎక్కడెక్కడ ఉన్నాయి, అన్నీ అందులో బొమ్మలతో ఉంటాయి.

2. కొనే ముందు అరగంట కొలవండి

లాప్‌టాప్ లోపలి వేడి లాంటి అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. గేమ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చెప్పే అంకె) కనబడడానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ చాలు. చార్జర్ పెట్టి, మీరు రోజూ ఆడే గేమ్‌నే అరగంట ఆడండి. ఐదో నిమిషంలో ఒకసారి, ఇరవై ఐదో నిమిషంలో ఒకసారి ఈ అంకెలు కాగితం మీద రాసుకోండి.

- ఎఫ్‌పీఎస్
- ప్రాసెసర్ వేడి, గ్రాఫిక్స్ చిప్ వేడి
- గ్రాఫిక్స్ చిప్ ఎంత శాతం పనిచేస్తోంది
- ర్యామ్ ఎంత నిండింది, స్లాట్లలో ఎన్ని వాడుకలో ఉన్నాయి
- హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి చిప్ తానే వేగం తగ్గించుకోవడం) దగ్గర "యెస్" వచ్చిందా
- ఆ సమయానికి గది వేడి

గది వేడి ఎందుకంటే, గదిలో పెరిగిన ప్రతి డిగ్రీ దాదాపు అలాగే చిప్ మీద కూడా పెరుగుతుంది. డిసెంబరులో 84 చూపించిన లాప్‌టాప్ మే నెలలో 95 దాటడం రోగం కాదు, రామగుండం ఎండ. అది తెలియక చాలామంది టెన్షన్ పడతారు.

ఇప్పుడు అంకెలను ఇలా చదవండి. మొదట బాగా నడిచి, పది పదిహేను నిమిషాలకు ఎఫ్‌పీఎస్ పడిపోయి, ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటితే బాధ వేడిది. నాలుగు, ఐదు భాగాలకు వెళ్లండి. ర్యామ్ 90 శాతం నిండి మధ్యమధ్యలో గేమ్ ఉలిక్కిపడ్డట్టు ఆగితే ర్యామ్ చాలడం లేదు. రెండు స్లాట్లలో ఒక్కటే వాడుకలో ఉంటే, నిండకపోయినా సగం దారి మూసి ఉన్నట్టే. గేమ్ లోడ్ కావడానికి నిమిషాలు పట్టి డిస్క్ 100 శాతం చూపిస్తే హార్డ్ డిస్క్ మార్చాలి.

గ్రాఫిక్స్ చిప్ 97, 98 శాతం పనిచేస్తూ, వేడి కూడా 80 లోపే ఉంటే చిప్ తన శక్తంతా ఇచ్చేస్తోంది. అప్పుడు ఏం కొన్నా ఎఫ్‌పీఎస్ పెద్దగా పెరగదు. గేమ్‌లో షాడోస్, రిజల్యూషన్ తగ్గించడం, డీఎల్ఎస్ఎస్ గానీ ఎఫ్ఎస్ఆర్ గానీ (తక్కువ రిజల్యూషన్ బొమ్మను తెరకు సరిపడా పెంచే సెట్టింగ్‌లు) ఆన్ చేయడం, అంతే మార్గం. ఇది విని నిరాశపడేవాళ్లు ఉంటారు, కానీ కొనకముందు తెలియడమే మంచిది.

3. రూపాయి ఖర్చు లేని పనులు

లాప్‌టాప్ విప్పకముందే ఇవి చూడండి.

- లాప్‌టాప్‌తో వచ్చిన చార్జరే వాడాలి. 180 వాట్లు కావాల్సిన లాప్‌టాప్‌కు 65 వాట్ల టైప్-సి చార్జర్ పెడితే చార్జ్ అవుతున్నట్టే కనబడుతుంది, గేమ్ మాత్రం సగం శక్తితో నడుస్తుంది. బ్యాటరీ మీద ఆడినా అంతే.
- కంపెనీ ఇచ్చిన యాప్‌లో (ఆసుస్‌కు ఆర్మరీ క్రేట్, లెనోవోకు వాంటేజ్, ఏసర్‌కు నైట్రోసెన్స్, హెచ్‌పీకి ఒమెన్ గేమింగ్ హబ్) పర్ఫార్మెన్స్ మోడ్ పెట్టండి.
- విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు వెళ్లి, మీ గేమ్‌కు "హై పర్ఫార్మెన్స్" ఎంచుకోండి. లేదంటే కొన్ని గేమ్‌లు ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదే నడుస్తాయి.
- 144 హెర్ట్జ్ స్క్రీన్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) 60 దగ్గర ఆగి ఉందేమో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో చూడండి. విండోస్ కొత్తగా వేయించిన తర్వాత ఇలా చాలాసార్లు చూశాను.
- గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఎన్విడియా లేదా ఏఎండీ సైట్ నుంచే తెచ్చుకోండి. "డ్రైవర్ అప్‌డేటర్" పేరుతో తిరిగే ప్రోగ్రామ్‌లు వద్దు.
- స్టార్టప్‌లో అక్కర్లేనివి ఆపేయండి.

వేడి ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇంకొకటి. పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమం ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99కి తగ్గిస్తే ప్రాసెసర్ టర్బో (అవసరాన్ని బట్టి వేగం పెంచుకోవడం) ఆగిపోతుంది, వేడి బాగా దిగుతుంది. గ్రాఫిక్స్ మీద ఆధారపడే గేమ్‌లలో ఎఫ్‌పీఎస్ కొంచెమే తగ్గుతుంది, ఆట మాత్రం ఒకే తీరుగా నడుస్తుంది. వాలరెంట్ లాగా ప్రాసెసర్ మీద ఆధారపడే గేమ్‌లకు ఇది నప్పదు.

4. విప్పే ముందు సిద్ధం కావాల్సినవి

వారంటీ ఉంటే ముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సొంతంగా వేసుకుంటే వారంటీ ఉంటుందా అని అడగండి. కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి, కొన్ని సర్వీస్ సెంటర్‌లోనే వేయించమంటాయి.

- ఫోటోలు, ప్రాజెక్టులు, రికార్డులు వేరే డిస్క్‌లోకి కాపీ చేయాలి
- విండోస్ 11 చాలా లాప్‌టాప్‌లలో డిస్క్‌ను బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంచుతుంది. ఆ రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, కాగితం మీద రాసుకోవాలి
- పీహెచ్0, పీహెచ్1 సైజు స్టార్ (ప్లస్ గుర్తు) స్క్రూడ్రైవర్లు. పది రూపాయల స్క్రూడ్రైవర్‌తో స్క్రూ తల అరిగిపోతుంది
- కవర్ తెరవడానికి గిటార్ పిక్ లేదా పాత ఏటీఎం కార్డు. కత్తి, ఇనుప స్కేలు వద్దు
- స్క్రూల కోసం కోడిగుడ్ల అట్ట. ఏ మూల స్క్రూ ఆ గుంటలో
- మంచి వెలుతురు, గట్టి బల్ల. పరుపు మీద, దుప్పటి మీద పని పెట్టుకోవద్దు

షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, అడుగు స్క్రూలు విప్పండి. రబ్బరు కాళ్ల కింద కూడా స్క్రూలు దాగి ఉండొచ్చు, మాన్యువల్ చూడండి. కవర్ రాకపోతే బలం పెట్టకండి, ఎక్కడో ఒక స్క్రూ మిగిలి ఉంటుంది.

కవర్ తెరవగానే చేయాల్సిన మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. వైర్లు పట్టుకుని లాగకూడదు, ప్లాస్టిక్ కనెక్టర్‌ను రెండు వైపులా మెల్లగా కదిలిస్తూ తీయాలి. తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంట్ పోతుంది. కిటికీ ఇనుప చువ్వను ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి. ఒంట్లోని స్టాటిక్ వదులుతుంది.

స్క్రూల విషయంలో నేను ఒకసారి పొరపాటు చేశాను. పొడవాటి స్క్రూను పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట బిగించాను. అది కీబోర్డు పక్కన ప్లాస్టిక్‌ను లోపలి నుంచి పొడుచుకుని పైకి ఉబ్బింది. బోర్డుకు తగిలి ఉంటే లాప్‌టాప్ అక్కడితో అయిపోయేది. అప్పటి నుంచి విప్పగానే ఫోన్‌లో ఫోటో తీసుకుంటాను, గుడ్ల అట్ట లేకుండా పని మొదలుపెట్టను.

5. దుమ్ము: మన దగ్గర సగం రోగాలు ఇక్కడే

ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఇళ్లలో పత్తి సీజన్ వస్తే గాలిలో సన్నటి నూగు తిరుగుతుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము, గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వైపు బొగ్గు దుమ్ము. ఫ్యాన్ వీటన్నింటినీ లోపలికి లాగుతుంది. ఫ్యాన్‌కు, రాగి పైపుల చివర ఉండే సన్నటి రేకులకు మధ్య ఇవి పేరుకుని నెమ్మదిగా గుడ్డ ముక్కలా గట్టిపడతాయి. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి పోదు.

మా చిన్నమ్మ కొడుకు లాప్‌టాప్ ఇలాగే 97 డిగ్రీలు చూపించేది. కొత్త కూలింగ్ ప్యాడ్ కొన్నాడు, రెండు డిగ్రీలు కూడా తగ్గలేదు. ఫ్యాన్ విప్పితే రేకుల ముందు నూగు దుప్పటిలా పరుచుకుని ఉంది. చిమటాతో పట్టుకుని లాగితే ఒక్క ముక్కగా వచ్చేసింది. అదే గేమ్, అదే గది, 84 దగ్గర ఆగింది.

పని ఇలా చేయండి. ఫ్యాన్ స్క్రూలు, దాని చిన్న కనెక్టర్ తీసి ఫ్యాన్‌ను బయటికి తీయండి. ఫ్యాన్ వేడి పైపులతో కలిసి ఉంటే పై మూత ఒక్కటే విప్పండి. మెత్తటి పెయింట్ బ్రష్‌తో రెక్కలు తుడవండి. రేకుల మీద ఉన్న పొరను ముందు చేతితో తీసి, తర్వాతే చేతి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

పంక్చర్ షాపు కంప్రెసర్ దగ్గరికి లాప్‌టాప్ తీసుకెళ్లే అలవాటు కొందరికి ఉంది. దయచేసి వద్దు. ఆ గాలిలో నీటి తుంపర, నూనె ఉంటాయి, ఒత్తిడి కూడా చాలా ఎక్కువ. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ స్టాటిక్ పుట్టిస్తుంది, అది కూడా వద్దు. విప్పకుండా బయటి నుంచి ఊదితే ఆ పొర లోపలికి జరుగుతుందే గానీ బయటికి రాదు.

6. ర్యామ్: రెండు స్టిక్‌ల లెక్క

కంపెనీ నుంచి వచ్చే చాలా లాప్‌టాప్‌లలో 8 జీబీ స్టిక్ (స్లాట్‌లో పెట్టే ర్యామ్ ముక్క) ఒక్కటే ఉంటుంది. రెండో స్లాట్‌లో కూడా స్టిక్ పెడితే ప్రాసెసర్‌కు రెండు దారులు తెరుచుకుంటాయి. డీడీఆర్4 3200 ర్యామ్ (నాలుగో తరం, 3200 వేగం) ఒక్క స్టిక్‌తో సెకనుకు 25.6 జీబీ పంపగలదు, రెండు స్టిక్‌లతో 51.2 జీబీ. ప్రత్యేక గ్రాఫిక్స్ చిప్ లేని లాప్‌టాప్‌లలో ఈ తేడా బాగా కనబడుతుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. ప్రత్యేక చిప్ ఉన్నవాటిలో సగటు ఎఫ్‌పీఎస్ కన్నా మధ్యలో వచ్చే కుదుపులు తగ్గడం ఎక్కువగా తెలుస్తుంది.

నా సలహా 8, 8 కలిపి 16 జీబీ. ఇప్పటి గేమ్‌లలో ఎక్కువ భాగానికి అది చాలు. వీడియో ఎడిటింగ్ కూడా చేస్తేనే 32 గురించి ఆలోచించండి. 8 పక్కన 16 పెట్టినా నడుస్తుంది. అందులో 16 జీబీ రెండు దారుల్లో, మిగిలిన 8 జీబీ ఒక దారిలో పనిచేస్తుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- డీడీఆర్4కు డీడీఆర్4, డీడీఆర్5కు డీడీఆర్5. మధ్యలో ఉండే గంటు చోటు వేరు, ఒకదానిలో ఇంకొకటి దూరదు
- లాప్‌టాప్ ర్యామ్ అంటే ఎస్ఓ-డిమ్. డెస్క్‌టాప్ స్టిక్ పొడవుగా ఉంటుంది
- వేగం పాత స్టిక్‌తో సమానంగా ఉండాలి. వేర్వేరుగా ఉంటే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి
- వారంటీ రాసిన బిల్లు, దాని మీద సీరియల్ నంబరు

స్టిక్‌ను దాదాపు 30 డిగ్రీల వాలుగా పెట్టి, బంగారు రంగు గీతలు దాదాపు కనబడకుండా పోయేదాకా లోపలికి నెట్టండి. తర్వాత కిందికి అదమండి, రెండు పక్కల క్లిప్పులు టక్కుమని పడాలి. ఒక వైపే పడితే తీసి మళ్లీ పెట్టండి.

మీరు వేయించుకోవడానికి షాపుకు ఇస్తే పక్కనే కూర్చోండి. మా ఊళ్లో ఒక షాపులో ఒకతనికి 16 జీబీ చేసి ఇస్తామని 16 జీబీ స్టిక్ ఒక్కటి వేసి, పాత 8 జీబీ తీసి ఉంచుకున్నారు. అతను అటు డబ్బు పెట్టాడు, ఇటు రెండు దారుల లాభమూ రాలేదు. తీసిన పాత భాగం మీదే, అడిగి తీసుకోండి.

హనుమకొండలో ధర ఎక్కువనిపిస్తే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అనే చోట, నాలుగు షాపులు తిరిగి అడగొచ్చు. కాజీపేట నుంచి రైలెక్కితే పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ర్యామ్ ధరలు చాలా మారుతున్నాయి కాబట్టి, బయల్దేరే ముందు ఆన్‌లైన్ ధర చూసుకుని వెళ్లండి. తేడా టికెట్ డబ్బులంత కూడా లేకపోతే ఊళ్లోనే కొనండి. రేపు వారంటీ కోసం తిరిగేది మీరే కదా.

7. ఎస్‌ఎస్‌డీ

ఎస్‌ఎస్‌డీతో ఎఫ్‌పీఎస్ పెరగదు. గేమ్ త్వరగా తెరుచుకుంటుంది, పెద్ద మ్యాప్‌లున్న గేమ్‌లలో ఆగిపోవడం తగ్గుతుంది. ఇంకా హార్డ్ డిస్క్ మీదే విండోస్ ఉన్నవాళ్లకు మాత్రం లాప్‌టాప్ కొత్తదైనట్టే ఉంటుంది. హార్డ్ డిస్క్ వేగం సెకనుకు 100 ఎంబీ పైచిలుకు, పాత తీరు సాటా ఎస్‌ఎస్‌డీ 550 దాకా, కొత్త తీరు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ మూడో తరం 3500 దాకా.

మీ స్లాట్ ఎన్‌వీఎంఈదా, సాటాదా, ఎంత పొడవు పడుతుంది అన్నది మాన్యువల్‌లో చూడండి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. ఖాళీ స్లాట్‌కు బిగించే చిన్న స్క్రూ ఒక్కోసారి లాప్‌టాప్‌లో ఉండదు, కొన్నప్పుడే అడిగి తీసుకోండి. వేసిన వెంటనే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో చూస్తే ఎన్ని గంటలు వాడారో తెలుస్తుంది. కొత్తదని అమ్మినదానికి వందల గంటలుంటే అదే రోజు వాపసు ఇవ్వండి.

విండోస్ కొత్తగా వేయాలంటే 8 జీబీ పెన్‌డ్రైవ్, మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్ చాలు. విండోస్‌తో కొన్న లాప్‌టాప్ అయితే లైసెన్స్ కీ బయోస్‌లోనే (మదర్‌బోర్డు మీదే ఉండే ప్రోగ్రామ్) ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే ఇంటర్నెట్ రాగానే యాక్టివేట్ అవుతుంది. విండోస్ వేస్తామని విడిగా కీ డబ్బులు అడిగితే ఇవ్వకండి.

8. థర్మల్ పేస్ట్

దుమ్ము తీశాక కూడా 95 దాటుతుంటే, లాప్‌టాప్ కొని రెండు మూడేళ్లయి ఉంటే, అప్పుడు పేస్ట్ మార్చండి. ఇది మొదటిసారి ఒంటరిగా చేసే పని కాదు. చేసినవాళ్లను పక్కన పెట్టుకోండి.

- ఐదు నిమిషాలు వాడి కొంచెం వేడెక్కాక షట్‌డౌన్ చేయండి. చల్లగా ఉంటే హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) అతుక్కుని ఉంటుంది
- హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి. విప్పేటప్పుడు చివరి అంకె నుంచి, బిగించేటప్పుడు 1 నుంచి
- పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పీచు రాని గుడ్డతో తుడవాలి
- లాప్‌టాప్ చిప్‌కు పైన మూత ఉండదు. అద్దంలా మెరిసే భాగం మొత్తం పేస్ట్ పలచగా పరుచుకోవాలి
- మెమరీ చిప్‌ల మీది మెత్తటి ప్యాడ్‌లను చింపకండి. మార్చాల్సి వస్తే అదే మందం ఉండాలి, మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్‌కు ఆనదు

పలచటి పేస్ట్‌లు లాప్‌టాప్‌లలో కొన్ని నెలలకే పక్కలకు జారిపోతాయి. అందుకే నేను హనీవెల్ పీటీఎం7950 అనే షీట్ వాడమంటాను. విప్పినప్పుడు చిప్ మీద పాదరసంలా మెరుస్తూ కదిలే పదార్థం కనబడితే అది లిక్విడ్ మెటల్. అక్కడితో ఆగి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. అది కరెంట్‌ను ప్రవహింపజేస్తుంది, ఒక్క చుక్క బోర్డు మీద పడితే చాలు.

9. ఎండాకాలం, కరెంట్

లాప్‌టాప్ వెనక వైపు కింద రెండు సీసా మూతలు పెట్టి ఎత్తితే గాలి బాగా ఆడుతుంది. కూలింగ్ ప్యాడ్ కొనేది ఆ తర్వాతే. ఎయిర్ కూలర్‌కు ఎదురుగా మాత్రం పెట్టకండి. ఆ తడి గాలి, తుంపర నేరుగా లోపలికి పోతాయి. గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌ను 60కి కట్టేస్తే కూడా వేడి తగ్గుతుంది.

చార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్ లోహం ముట్టుకుంటే జివ్వుమంటోందంటే చాలావరకు ప్లగ్‌కు ఎర్తింగ్ లేదు. మూడు పిన్నుల చార్జర్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌తో పెట్టే ఇళ్లలో ఇది మామూలు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ సరిచేయించండి. ఇన్వర్టర్ మీద ఆడేవాళ్లకు సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండాలి.

10. తరచుగా వచ్చే చిక్కులు

ర్యామ్ వేశాక స్క్రీన్ నల్లగా ఉంది: డీడీఆర్5 అయితే మొదటిసారి కొన్ని నిమిషాలు అలాగే ఉంటుంది, ర్యామ్‌ను సరిచూసుకుంటుంది. ఆపేయకుండా పది నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే స్టిక్ తీసి మళ్లీ పెట్టండి, తర్వాత ఒక్కో స్టిక్‌తో విడివిడిగా చూడండి.

అప్పుడప్పుడు నీలం తెర వస్తోంది: మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్ష పెట్టండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ మార్పించుకోవాలి.

విండోస్ వేసేటప్పుడు ఎస్‌ఎస్‌డీ కనబడడం లేదు: ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి లాప్‌టాప్‌లలో ఇది మామూలే. కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి "లోడ్ డ్రైవర్" నొక్కండి. ఎస్‌ఎస్‌డీ పోయిందని షాపుకు పరుగెత్తకండి.

వాలరెంట్ తెరుచుకోవడం లేదు: బయోస్ సెట్టింగ్స్ మొదటికి వెళ్లి ఉంటాయి. విండోస్ 11లో ఆ గేమ్‌కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్స్ రెండూ బయోస్‌లో ఆన్‌లో ఉండాలి.

ఫ్యాన్ తిరగడం లేదు: శుభ్రం చేసినప్పుడు తీసిన కనెక్టర్ పెట్టడం మరిచి ఉంటారు. వెంటనే ఆపి చూడండి.

11. మళ్లీ కొలత

ప్రతి మార్పు తర్వాత అదే గేమ్, అదే మ్యాప్, అవే సెట్టింగ్స్‌తో అరగంట ఆడి, పాత కాగితం పక్కనే కొత్త అంకెలు రాయండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి, దేనివల్ల బాగైందో తెలియదు. కొన్న భాగంతో తేడా కనబడకపోతే రిటర్న్ గడువు ముగియకముందే, పెట్టె, బిల్లు తీసుకుని వెనక్కి ఇవ్వండి. ఫ్యాన్ శుభ్రం మాత్రం ఏడాదికి రెండుసార్లు చేయాలి. పత్తి సీజన్ అయిపోయాక ఫిబ్రవరిలో ఒకసారి, వానలు తగ్గాక అక్టోబరులో ఒకసారి.